పదకొండో కంప్యూటర్‌లో కన్నడ హంస

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో నా మాటను పల్లికాయలా వింటారు. పొట్టు ఒలుస్తారు, ఊదుతారు, గింజ దొరికితే నోట్లో వేసుకుంటారు, దొరకకపోతే ఇంకో కాయ అందుకుంటారు. తెలకపల్లి పక్కన మెట్ట పొలాల ఊళ్ళో పుట్టినవాడికి ఇది జబ్బు కాదు, వారసత్వం. వాన రాని ఏడు మా నాన్న పొలం నుంచి వచ్చి, ఎంత మబ్బు చూశాడో మా అమ్మకు రెండు చేతులూ చాచి చూపించేవాడు. ఆ చేతుల మధ్యనే మేం ఆ ఏడాదంతా బతికాం. కాబట్టి ఇక్కడ నేను రాసే కొలతలన్నీ చేతులు చాచి చూపించినవే అనుకోండి. అచ్చంగా కల్పించింది మాత్రం ఒకటే ఉంది. అదేదో చివర చెబుతాను, మధ్యలో వెతుక్కుంటూ ఆగకండి.

వనపర్తిలో పన్నెండేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పాక గద్వాలకు బదిలీ అయ్యాను. చేరిన మొదటి రోజే ప్రధానోపాధ్యాయురాలు నా చేతిలో ఒక తాళంచెవి పెట్టారు.

"కంప్యూటర్ గది ఇగ మీదే సార్" అన్నారు.

"నాకు కంప్యూటర్ రాదు మేడం. నేను మొగలాయిలు, మౌర్యులు చెప్పేటోణ్ణి."

"మీ సంచిల చార్జర్ ఉంది గద. మిగిలినోళ్ళ సంచులల్ల అది గూడ లేదు."

అలా నేను సాంకేతిక నిపుణుణ్ణి అయ్యాను.

ఆ గదిలో పన్నెండు కంప్యూటర్లు ఉండేవి. తొమ్మిది పనిచేసేవి, రెండు వాటి ఇష్టం వచ్చినప్పుడు పనిచేసేవి, ఒకటి గోడకు ఆనుకుని బడి ముసలి కాపలాదారులా కళ్ళు మూసుకుని ఉండేది. మా పీరియడ్ మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత. పప్పన్నం తిన్న నలభైమంది, నీలం పరదాల గుండా వచ్చే వెలుతురు, పైన గిర్రుమనకుండా తిరిగే మూడు ఫ్యాన్లు. గది మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉండేది. కిటికీ అవతల నేతవాళ్ళ వీధి. మగ్గాల టకటక ఆగకుండా వినిపించేది. లోపల కీబోర్డుల టకటక. వింటూ వింటూ ఉంటే కాసేపటికి ఏది లోపలో ఏది బయటో తెలిసేది కాదు. పిల్లలు ఇంటర్నెట్‌ను నేస్తున్నారేమో, వీధిలో వాళ్ళు చీరలు టైపు చేస్తున్నారేమో అనిపించేది. నేను కుర్చీలో కూర్చుని కళ్ళు తెరిచే నిద్రపోయేవాణ్ణి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఉపాధ్యాయుడికే సాధ్యమయ్యే విద్య అది.

కంప్యూటర్లతో పాటు పైవాళ్ళు ఒక కాపలా కూడా పంపారు. దాని పేరు ఫిల్టర్. అది కంటికి కనబడదు. పిల్లలు చూడకూడనిది ఏదైనా అడిగితే తెర మీద ఒక ఎర్ర పలక లేచి "ఈ పేజీకి అనుమతి లేదు" అనేది. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ అది మా బడికి వచ్చేసరికి దానికి అనుమానం జబ్బు పట్టుకుంది. కబడ్డీ అని కొడితే ఆటలు అని ఆపేసేది. సోమశిల అని కొడితే విహారయాత్ర అని ఆపేసేది. కొల్లాపూర్ మామిడి అంటే అమ్మకం. మానవ శరీరం పాఠంలో కడుపు దాకా రానిచ్చి, అక్కడి నుంచి కిందికి దిగకుండా అడ్డంగా నిలబడేది. ఇక గద్వాల చీర అని కొడితే, అది దుకాణాల వ్యవహారం, చదువుకునే పిల్లలకెందుకు అని పలక లేపేది. మూడడుగుల అవతల, కిటికీ బయట, అదే చీర నేస్తున్న చప్పుడు. గద్వాలలో కూర్చుని గద్వాల చీర చూడ్డానికి వీల్లేని చోటు భూగోళం మీద ఆ గది ఒక్కటే అని నా అంచనా. భూగోళం మొత్తం నేను తిరగలేదు, వనపర్తి దాకా తిరిగాను.

తొమ్మిదో తరగతి ముందు ఆ ఫిల్టర్ వారం రోజులే నిలిచింది.

వాళ్ళు కనిపెట్టింది ఏమిటంటే, ఫిల్టర్‌కు అనువాదం చేసే పేజీ అంటే మహా గౌరవం. అది చదువు పేజీ అని దాని నమ్మకం. ఆ పేజీలోకి పోయి, ఆపేసిన పేజీ చిరునామా అక్కడ పెట్టి, ఇంకో భాషలోకి మార్చమంటే చాలు. ఆ పేజీ కొత్త బట్టలు వేసుకుని లోపలికి నడిచొచ్చేది, పిలవని చుట్టం పెళ్ళి పంతులు వెనకే పందిట్లోకి దూరినట్టు. కొన్ని బొమ్మలు వచ్చేవి, కొన్ని రాక తెల్లటి గళ్ళుగా మిగిలేవి. అయినా కబడ్డీ వచ్చేది.

మొదట్లో వాళ్ళు తెలుగులోకి మార్చుకునేవాళ్ళు. నేను వెనక నుంచి చదివి పట్టుకున్నాను. తర్వాత హిందీ. అదీ పట్టుకున్నాను. ఫిల్టర్‌ను దాటడం వాళ్ళకు సులువే, దాని వెనక కుర్చీలో ఉన్న రెండో ఫిల్టర్‌ను, అంటే నన్ను, దాటడమే కష్టమైంది.

ఒక మధ్యాహ్నం చూస్తే గదిలో తెరలన్నీ కన్నడంలో ఉన్నాయి.

రాయచూరు మాకు దగ్గరే. గద్వాల ఇళ్ళల్లో అటునుంచి వచ్చిన కోడళ్ళు, అవ్వలు చాలామందే ఉంటారు. పిల్లల మాటల్లో రెండు మూడు కన్నడ ముక్కలు ఎప్పుడూ దొర్లుతూనే ఉంటాయి. అక్షరాలంటారా, మన అక్షరాలే. తలకట్టు తీసేసి పక్క ఊరి జాతరకు పోయి కొత్త టోపీలు పెట్టుకొచ్చినట్టుంటాయి. కలలో తెలిసిన మనిషే ఇంకెవరి మొహంతోనో వచ్చి నిలబడితే, ఎవరో తెలిసీ పేరు నోటికి రాదు చూడండి, ఆ పేజీలు అలా ఉండేవి. సార్‌ది నాగర్‌కర్నూల్ వైపని, సార్‌కు కన్నడం రాదని బడి మొత్తానికి తెలుసు. నేను దగ్గరికి రాగానే ఎవరో ఒకరు "మేష్ట్రిగె కన్నడ బరల్ల" అనేవాళ్ళు, మిగిలినవాళ్ళు బల్లల కింద తలలు పెట్టి నవ్వుకునేవాళ్ళు. ఒకమ్మాయి నన్ను "కత్తె" అని పిలిచేది. నేను అదేదో బిరుదైనట్టు హుందాగా తల ఊపేవాణ్ణి.

ఆ బిరుదు ఇచ్చిన పిల్ల రైతుల ఇంటి పిల్ల. వాళ్ళు కౌలుకు పత్తి వేసేవాళ్ళు. నోరు తుంగభద్ర అంత. ఆ పిల్ల పక్కన, పదకొండో కంప్యూటర్ దగ్గర, ఒక నేత ఇంటి పిల్ల కూర్చునేది. ఈమె నోరు తెరిస్తే ఆ రోజు హాజరు పట్టీలో రాసుకోవచ్చు. కన్నడం చదవడం తరగతి మొత్తానికి నేర్పింది ఈమే అని తర్వాత తెలిసింది. వాళ్ళ అవ్వ రాయచూరు అవతలి మనిషి, ఇంట్లో సగం మాట కన్నడమే.

శ్రావణం చివర్లో అనుకుంటాను, నేను కుర్చీలో కళ్ళు తెరిచి నిద్రపోతుండగా పదకొండో కంప్యూటర్ తెర తెల్లగా కనిపించింది. లేచి పోయి చూస్తే, తెరకు నాలుగు మూలలా టేపు ముక్కలు అతికించి, మీద పల్చటి బటర్ పేపర్ పరిచి ఉంది. నేత ఇంటి పిల్ల ముక్కు దానికి ఆనించి పెన్సిల్‌తో గీస్తోంది.

"ఏందమ్మా, కంప్యూటర్‌కు దెబ్బ తాకిందా? కట్టు కడుతున్నవు" అన్నాను.

"లేదు సార్. హంసను దించుకుంటున్న."

"జర దూరం నిలబడుండ్రి సార్" అంది పక్క పిల్ల, నాకు బిరుదిచ్చినామె. "కాళ్ళ కాడ ఉంది పని. మీ గాలి తాకితే కాలు వంకర పోతది."

కాగితం వెనక నుంచి ఒక చీర కొంగు వెలుగుతోంది. ఎర్ర పట్టు మీద జరీ హంస, దాని ముక్కున ఒక తీగ, తీగ చివర మొగ్గ. చుట్టూ కన్నడ అక్షరాలు. అదేదో చీరల దుకాణం పేజీ.

అప్పుడు నేత ఇంటి పిల్ల, ఏడాదిలో మాట్లాడాల్సినదంతా ఒకేసారి మాట్లాడింది. వాళ్ళ ఇంట్లో గుంట మగ్గం. మగ్గం మీద బొమ్మను నడిపించేది చిల్లులు పొడిచిన అట్టల దండ. ఏ చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టి ఏ పోగు లేవాలో మగ్గానికి తెలుస్తుంది. మొన్నటి వానకు రేకు కారి కొంగు అట్టలు మొత్తం నాని ముద్దయ్యాయి.

"హంస మా తాత గీసింది సార్. తాత పోయిండు. ఆయన గీసిన కాయితం ఎప్పుడో ఎలుకలు కొట్టినయి. అట్టలే మిగిలినయి, ఇప్పుడవి గూడ పోయినయి."

"మరి మగ్గం మీద చీర?"

"ఒళ్ళంత అయ్యింది. కొంగు కాడ ఆగింది. నాయిన ఉత్త చారలేసి దింపుతనంటుండు. గట్ల దింపితే ఇగ తాత హంస ఏడ లేనట్టే." ఆగి, తెర వైపు చూసింది. "తాత నేసిన చీర ఒకటి ఎప్పుడో పోయింది సార్, ఏ దుకాణానికో. దాని బొమ్మ గిదొక్కటే ఉంది."

"మీ ఇంట్ల ఫోన్ లేదా?"

"ఉంది సార్. ఫోన్‌ల హంస చీమంత ఉంటది. కాయితం ఏడ పెట్టి గీయాలె?"

నిజమే. చీమ మెడ మీద గళ్ళు ఎవరు లెక్కపెడతారు. వాళ్ళకు కావలసింది హంసను చూడడం కాదు, దాని మెడ ఎన్ని పోగుల వెడల్పో, ఏ గడిలో వంగుతుందో తెలుసుకోవడం. అందుకు ఊళ్ళో ఆమెకు దొరికిన పెద్ద అద్దం ఈ పదకొండో కంప్యూటరే. దాన్ని చేరడానికి దొరికిన దారి కన్నడమే.

తెర మీద ఎండ పడకుండా పరదా జరిపి, నా కుర్చీకి తిరిగి పోయాను. సలహా ఇవ్వకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి అని మా బడి గోడలు సాక్ష్యం చెబుతాయి.

వారానికి మూడు పీరియడ్లు. ఒక్కోటి నలభై నిమిషాలు. అందులో పది నిమిషాలు కంప్యూటర్ నిద్ర లేవడానికే. మిగిలిన అరగంటలో ఆమె హంసను అంగుళం అంగుళంగా కాగితం మీదికి దించుకునేది. మొదట కాళ్ళు వచ్చాయి. తర్వాత పొట్ట. రెక్కకు రెండు వారాలు పట్టింది. చుట్టూ కబడ్డీ చూసేవాళ్ళు, సోమశిల పడవలు చూసేవాళ్ళు, అందరూ కన్నడంలో గొణుక్కునేవాళ్ళు. ఆ గొణుగుడు, ఫ్యాన్లు, వీధిలో మగ్గాలు. తెర వెలుగు బటర్ పేపర్ గుండా ఆమె మొహం మీద పడి, బుగ్గ మీద ఒక ఎర్ర రెక్క కదిలేది. ఆ మధ్యాహ్నాల్లో గడియారం ముల్లు కూడా మెత్తగా, అడుగు చప్పుడు వినపడకుండా నడిచేదని నాకు గుర్తు. ఎవరైనా గట్టిగా దగ్గితే హంస లేచిపోతుందేమో అని నేను నా దగ్గును స్టాఫ్ రూం దాకా మోసుకుపోయి అక్కడ దగ్గేవాణ్ణి.

బొమ్మ కింద రెండు వరుసల కన్నడం ఉండేది. ఒకరోజు ఆమె గీయడం ఆపి, ఆ వరుసలను పెదాలు కదుపుతూ చదివింది. చదివి పెన్సిల్ మొన చెక్కుకుంది. తర్వాత కాగితం మూలన చిన్న అక్షరాలతో ఒక పేరు రాసింది. వాళ్ళ తాత పేరు. నేను ఇక్కడ ఎవరి పేర్లూ రాయనని ఒట్టు పెట్టుకున్నాను కనుక రాయడం లేదు.

ఒకసారి నాలోని ఉపాధ్యాయుడు ఊరుకోలేక తల దూర్చాడు. ఆమె గీసిన కాగితాన్ని తిరగేసి, వెనకవైపు నుంచి గళ్ళ కాగితం మీదికి ఎక్కిస్తోంది.

"తప్పు చేస్తున్నవు బిడ్డా. హంస అటు చూస్తుంది. నువ్వు ఇటు చూపిస్తున్నవు" అన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూసింది. "మగ్గం మీద చీర బోర్ల పండుకుంటది సార్. నేసేటోళ్ళకు ఎనకతట్టే కనబడతది. మొహం కిందికుంటది."

"అంటే మీ నాయన హంస మొహం చూడకుండనే హంసను నేస్తడా?"

"దింపినంక చూస్తడు."

"సార్‌కు గిది గూడ తెల్వదు" అంది పక్క పిల్ల. తర్వాత కన్నడంలో బిరుదు ప్రదానం జరిగింది. నేను తల ఊపాను.

హంసకు మెడ పూర్తయిన వారంలో ప్రధానోపాధ్యాయురాలు స్టాఫ్ రూంలో కబురు చెప్పారు. శుక్రవారం పై ఆఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడు. పాత ఫిల్టర్ తీసి కొత్తది పెడతాడు. అనువాదం దారి కూడా మూసేస్తాడు. పక్క మండలాల బళ్ళలో కూడా పిల్లలు అదే దారిన పోతున్నారట.

నేను పోయి ఆ పిల్లకు చెప్పాను.

"ఏం మిగిలింది బిడ్డా?"

"ముక్కు. తీగ. మొగ్గ."

"రేపు పొద్దున రా. బడి గంటకు ముందే తాళం తీస్త."

"రేపు లైను పని సార్. ఊరంత కరెంటు లేదన్నరు."

గురువారం నిజంగానే కరెంటు లేదు. కంప్యూటర్లు పన్నెండూ ఆ రోజు ఒకే కులంలో చేరిపోయి కళ్ళు మూసుకున్నాయి. వీధిలో మగ్గాలు మాత్రం ఎప్పటిలాగే నడిచాయి. వాటికి కరెంటుతో పనిలేదు. ఆమె ఇంటి మగ్గం ఒక్కటే ఆ టకటకలో లేదు. ఒక పంటి సందులా ఆ చోటు నాకు వినిపించిందంటే మీరు నమ్మరు, నమ్మకండి.

శుక్రవారం మా పీరియడ్ మొదలైన పన్నెండో నిమిషంలో ఆ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన నల్ల సంచి, కళ్ళద్దాలు, మర్యాదస్తుడు. వెనక ప్రధానోపాధ్యాయురాలు. ఆయన ఒకటో కంప్యూటర్ నుంచి మొదలుపెట్టాడు. ఒక్కోదానికి టీ తాగేంత సేపు పడుతోంది. పదకొండో దాని దగ్గర ఆ పిల్ల, తల ఎత్తకుండా, ముక్కు గీస్తోంది.

మూడో కంప్యూటర్ దగ్గర ఆయన ఆగాడు. తెర మీద కన్నడ కబడ్డీ.

"ఇదేం భాష మాస్టారూ?"

"కన్నడం సార్."

"మీకు వచ్చా?"

"సార్‌కు రాదండీ" అని ప్రధానోపాధ్యాయురాలే చెప్పారు.

"మరి పిల్లలేం చదువుతున్నారో మీకెలా తెలుస్తుంది?"

"బొమ్మలు చూస్త సార్. బొమ్మలల్ల తప్పు లేకుంటే అక్షరాలల్ల గూడ లేనట్టే."

ఆయన నన్ను చూసి, నిట్టూర్చి, నాలుగో కంప్యూటర్‌కు పోయాడు. ఐదు. ఆరు. ఏడోది, ఎనిమిదోది తమ ఇష్టం కొద్దీ పనిచేసేవి, ఆ రోజు వాటికి ఇష్టం లేదు. రెంటినీ వదిలేసి తొమ్మిది దగ్గరికి వచ్చాడు. నా లెక్కలో అది రెండు టీలు తగ్గడం. నేను పదకొండో వైపు చూశాను. పక్క పిల్ల నాకు చూపుడు వేలు వంచి చూపించింది. తీగ మిగిలింది. తీగ అంటే వంపులు. వంపులు నిదానంగా గీయాలి.

అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక విద్య బయటికి తీశాను.

"మీరు సోమశిల చూసిన్రా సార్?" అన్నాను, ఆయనకు కుర్చీ జరుపుతూ.

"లేదు మాస్టారూ."

"ఇంత దూరం వచ్చి కృష్ణ చూడకుండ పోతరా? కూసోండ్రి. టీ వస్తుంది." టీ చెప్పి పంపించాను. "మొన్న మేం పడవల పోతుంటె పక్కన ఒక చేప తేలింది సార్. ఎంత చేప అంటరు? తల సోమశిల గుడి మెట్లకాడ ఉంది, తోక ఇంక నల్లమల అడవిలనే ఉంది."

ఆయన చేయి తొమ్మిదో కంప్యూటర్ మీట మీద ఆగింది. "అబద్ధం."

"తోక సంగతి అబద్ధమే సార్. తోక నేను చూడలే. ఉప్పునుంతలల మా బావమరిది చూసిండు. ఆయన మాట నమ్మలేం. తల మాత్రం నేనే చూసిన."

"ఆ చేప మధ్యలో ఏముంది మరి?"

"మధ్యల మా పడవ ఉంది సార్. పడవాయన, ఇది ఒడ్డో చేపో చూసి దిగుండ్రి అన్నడు. ఇద్దరు దిగిన్రు. ఒకాయన దాని మీద కూసోని టిఫిన్ డబ్బా గూడ తెరిసిండు. పచ్చడి వాసనకు చేప తుమ్మింది."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్ళద్దాలు లేకపోతే ఆయనకు పదకొండో కంప్యూటర్ ఒక తెల్లటి మరకే. టీ వచ్చింది. నేను చేపకు పిల్లల్ని పుట్టించాను. పిల్లలకు పెళ్ళిళ్ళు చేశాను. తరగతి మొత్తం కన్నడం మానేసి నోళ్ళు తెరుచుకుని వింటోంది. ప్రధానోపాధ్యాయురాలు మొదట నా వైపు కోపంగా చూశారు, రెండో పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఆమే "కట్నం ఎంతిచ్చిన్రు సార్" అన్నారు. ఆ పిల్ల ఒక్కతే తల ఎత్తలేదు.

టేపు ఊడిన చప్పుడు వినిపించింది. చిన్న చప్పుడు. తర్వాత ఇంకోటి. మూడు, నాలుగు.

"అయిపోయింది సార్" అంది పక్క పిల్ల. "చేప కత."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి తొమ్మిది, పది ముగించి పదకొండు దగ్గర కూర్చున్నాడు. తెర నాలుగు మూలలా జిగురు మరకలు.

"ఇవేంటి?"

"తెర ఊడిపోకుండ సార్" అన్నాను.

ఆయన ఆ పిల్లను చూశాడు. ఆమె ఒళ్ళో సాంఘికశాస్త్రం పుస్తకం, దాంట్లోంచి అంగుళం బయటికి వచ్చిన పల్చటి కాగితం. ఆయన గోటితో ఒక మరకను గీకి తీసేశాడు. మిగిలిన మూడూ వదిలేసి, మీట నొక్కాడు. ఎర్ర పలక లేచింది. ఆ రోజు నుంచి అనువాదం దారి మూసుకుపోయింది. కబడ్డీ పోయింది, సోమశిల పోయింది, కన్నడం మా గదిలోంచి మెల్లమెల్లగా ఇంకిపోయింది. తొమ్మిదో తరగతి నోట్లో మళ్ళీ తెలుగు తిట్లే మిగిలాయి.

దసరా అయ్యాక ఒక ఆదివారం ఆ పిల్ల నాయన కబురు పంపాడు, కొంగు దిగుతోంది, వచ్చి చూడండి అని. పోయాను. ఇల్లు చిన్నది, అందులో సగం మగ్గం. ఆయన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని ఉన్నాడు. పైన కొత్త అట్టల దండ మెల్లగా తిరుగుతోంది. మగ్గం మీద నాకు కనబడింది జరీ పోగుల చిందరవందర మాత్రమే. హంస లేదు, ఏమీ లేదు.

"ఒంగుండ్రి సార్" అంది ఆ పిల్ల. చిన్న అద్దం ముక్క తెచ్చి బట్ట కిందికి జరిపింది.

ఒంగాను. మోకాళ్ళు విరిగి నాలుగు ముక్కలయ్యాయి, కొంగు చూడ్డానికి తనూ వచ్చిన పక్క పిల్ల ఏరి ఇచ్చింది. గుంట చీకట్లో, అద్దంలో, ఎర్రగా, తలకిందులుగా, నీళ్ళలో తేలుతున్నట్టు హంస. ముక్కున తీగ. తీగ చివర మొగ్గ. మొగ్గ ఒక గడి పక్కకు జరిగి ఉంది. అది నా చేప తుమ్మినప్పుడు జరిగిందని ఆ పిల్ల తర్వాత చెప్పింది. వాళ్ళ నాయన సరిచేయలేదు.

"మా నాయిన చూసుంటే దెబ్బలే" అన్నాడు ఆయన, పోగు నాడె అటూ ఇటూ విసురుతూ. ఆయన గొంతులో దెబ్బలు తినాలని ఉన్నట్టే వినిపించింది.

లోపలి నుంచి అవ్వ వచ్చింది. నన్ను కింది నుంచి పైదాకా చూసి "ఊట ఆయితా?" అంది.

"ఆయితు అవ్వ" అన్నాను.

నాడె ఆగింది. నేత ఇంటి పిల్ల నా మొహం వైపు చూసింది. ఆమె కళ్ళల్లో గడచిన నెలలన్నీ వెనక్కి తిరుగుతున్నాయి, ఎక్కడెక్కడ ఏమేం అన్నామా అని.

"సార్" అంది పక్క పిల్ల, నీరసంగా. "అంటే, కత్తె అంటే మీకు..."

"గాడిద" అన్నాను. "మా తెలకపల్లిల గూడ ఉంటయి."

ఇక చివరికి వచ్చాం, మాట ప్రకారం చెబుతాను. చేప పొడుగు మీరే తగ్గించుకోండి. మోకాళ్ళు నాలుగు ముక్కలు కాలేదు, రెండే. నాకు కన్నడం వచ్చన్నది మాత్రం నిజం. మా అమ్మ పుట్టిల్లు రాయచూరు అవతల. నాన్న చేతులు చాచి చూపించిన మబ్బును ఆమె కన్నడంలోనే వెక్కిరించేది, నాకు కన్నడంలోనే అన్నం పెట్టేది, చదవడం కూడా ఆమే నేర్పింది. "మేష్ట్రిగె కన్నడ బరల్ల" అంటే సార్‌కు కన్నడం రాదని. హంస బొమ్మ కింది రెండు వరుసల్లో ఉన్నది, ఇది పాత నమూనా, గీసినవారెవరో తెలియదు అని. ఆ పిల్ల కాగితం మూలన పేరు ఎందుకు రాసిందో నాకు ఆ రోజే తెలుసు.

నేను కల్పించింది ఆ "ఆయితు" అన్న ఒక్క మాట, దాని వెనక వచ్చిన గాడిద సంభాషణ. అవి జరగలేదు. అలా జరిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు పడుకుని అనుకున్నాను, అనుకుని అనుకుని అది జరిగినట్టే తయారైంది.

జరిగింది ఇది. అవ్వ అడిగింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్లలిద్దరూ నన్ను చూసి, నాకు అర్థం కాదన్న ధీమాతో, ఒకరి భుజం ఒకరు గిల్లుకుంటున్నారు. వాళ్ళకు ఆ బడిలో లోపలి నుంచి గడియ పెట్టుకునే గది ఆ కన్నడం ఒక్కటే ఉండింది. ఫిల్టర్ మార్చినాయన ఒక దారే మూశాడు. నేను నోరు తెరిస్తే వాళ్ళు నవ్వుకున్న మధ్యాహ్నాలన్నీ వెనక్కి పోయి మూసినట్టు. ఇంకోటి కూడా ఉంది. మా అమ్మ పోయాక నా చుట్టూ కూర్చుని కన్నడం గొణిగినవాళ్ళు ఆ నలభైమందే. కళ్ళు తెరిచి నేను పోయిన నిద్ర ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

అందుకని ఆ పిల్ల వైపు తిరిగి అడిగాను.

"ఏమంటుందమ్మా అవ్వ?"

"తిన్నరా అంటుంది సార్."

"తిన్ననని చెప్పు."

ఆమె అవ్వ వైపు తిరిగి, ఓపికగా, నా మాటను నాకు తెలియని భాషలోకి మార్చింది.

"ఆయితంతె" అంది.